ఒక నోడ్ పడిపోయినప్పుడు

స్విండన్‌లో ఒక చౌరస్తా ఉంది.
పెద్ద చుట్టు ఒకటి, దాని చుట్టూ అయిదు చిన్న చుట్లు.
లోపలి చుట్టులో బళ్లు ఎదురు తిరుగుతాయి.
ఆరేళ్లు దాని మీదుగానే ఆఫీసుకెళ్లాను,
కారుకి ఒక్క గీత పడలేదు.
ఇవాళ మూడుసార్లు తిరిగాను
ఇంటిదారి ఎటో తెలిసీ.

పక్క సీట్లో అట్టపెట్టె.
ఒక కప్పు, సగం బతికిన కలబంద, ఆఫీసు చెప్పులు,
నీలం అట్ట మీద బంగారు అక్షరాల నా థీసిస్.
ఆరేళ్లూ మానిటర్ కింద ఎత్తు కోసం పెట్టాను.
మెడనొప్పికి పనికొచ్చింది, అబద్ధమెందుకు.

ఎవరడిగినా దాని సారం ఒక్క ముక్కలో చెప్పేదాన్ని:
వంద యంత్రాలు కలిసి ఒక పని చేస్తుంటాయి,
మధ్యలో ఒకటి ఆగిపోతుంది,
మిగతావి ఏమీ జరగనట్టు సాగిపోవాలి.
పెళ్లిళ్లలో అడిగినవాళ్లు తలూపి
పెరుగు వడల వైపు వెళ్లిపోయేవాళ్లు.

నెల రోజుల సంప్రదింపులు అయ్యాయి.
పొద్దున పదింటికి ఫియోనా మంచినీళ్లు తాగి
కాగితం చూసి చదివింది.
సువర్చల అన్న పేరుని మూడు రకాలుగా పలికి
మూడింటికీ సారీ చెప్పింది.
పోయేది పోస్టేనట, మనిషి కాదట.

పదిన్నరకి నా లాగిన్ పోయింది.
పదీ నలభైకి గోడ మీద తెరలో
క్లెయిములు కదులుతూనే ఉన్నాయి,
ఒక్క పచ్చ దీపమూ ఎర్రబడలేదు.
నా సిద్ధాంతం ఇంత శుభ్రంగా రుజువు కావడం
వైవా రోజున కూడా చూడలేదు.

ఓడ దిగితే బోడి మల్లయ్య అంటారు.
నన్ను దిగాక కూడా డాక్టర్ అనే అనాలి,
చచ్చినట్టు.

మా వరసలో చివరి బల్ల గారెత్‌ది.
పోర్ట్ టాల్బట్‌లో పదహారేళ్లకి బడి మానేసి
రెండేళ్లు ఉక్కు కొలిమి దగ్గర, ఆ తర్వాత ఇక్కడ.
నాకన్నా పెద్దదైన కోబాల్ ప్రోగ్రాము ఒకటి
అతని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.
నెలాఖరు పింఛన్లన్నీ దాని గొంతులోంచే పోవాలి,
అందుకని అతన్ని ఎవరూ ముట్టుకోరు.
అతని జీతం నాకన్నా ఎంత ఎక్కువో
పొరపాటున తెలిసిన రోజు
నేను లంచ్ తినలేదు.
ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

షెఫీల్డ్‌లో నాలుగేళ్లు
హీటర్ మీటర్‌లో నాణేలు లెక్కపెట్టుకుంటూ
ఒక్కటే అనుకునేదాన్ని,
ఇంకో అంతస్తు ఎక్కితే వరద అందుకోదని.
పైకప్పు కారితే
మొదట తడిసేది ఆ గదేనని తోచలేదు.

గారెత్ కారు దాకా పెట్టె మోసుకొచ్చాడు.
"మార్చిలో నా ముసలిదాన్నీ ఆపేస్తారు," అన్నాడు,
గుర్రం గురించి చెబుతున్నట్టు.
"కొత్తది క్లౌడ్‌లో కడుతున్నారు. నాకు యాభై తొమ్మిది."
సన్నగా వాన. కాసేపు ఇద్దరం
వైపర్లని చూస్తూ నిలబడ్డాం.

"నీ పుస్తకం క్రిస్మస్ సెలవుల్లో ఇంటికి పట్టుకెళ్లాను.
నువ్వు కనిపెట్టలేదు.
మానిటర్ కింద నా కోబాల్ మాన్యువల్ పెట్టాను,
సరిగ్గా అదే ఎత్తు.
లెక్కలు దాటేశాను. మిగతాదంతా చదివాను."

మూడో చుట్టు తర్వాత పక్కకి ఆపాను.
నూట ముప్పై ఒకటో పేజీ అంచున
పెన్సిల్‌తో, చీమల బారు లాంటి అక్షరాలు:
పడిన యంత్రం సంగతేంటి?
దాన్ని ఎవరు చూస్తారు?

చివరి అధ్యాయం తిప్పాను.
దీని గురించి ఏదో రాసిన గుర్తు.
రాశాను, ఒక్క వాక్యం:
"ఆ ప్రశ్న ఈ పరిశోధన పరిధిలోకి రాదు."

ఇండికేటర్ టక్కుటక్కుమంటూనే ఉంది.
పెన్సిల్ ఒకటి సీటు కింద ఎక్కడో ఉండాలి.